ఎన్నికల్లో ఓడాక మిగిలిన 22 మందిమి: హొరమావులో ఏ పని ముందు పట్టుకోవాలి?

హొరమావు_రైల్వేగేటు అడిగారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో హొరమావు, రామమూర్తినగర్ మధ్య నాలుగైదు లేఅవుట్ల వాళ్లం కలిసి మొన్నటి ఎన్నికల్లో ఒక స్వతంత్ర అభ్యర్థికి పనిచేశాం. డిపాజిట్టు కూడా దక్కలేదు. ప్రచారంలో అరవై మందికి పైగా ఉన్న గ్రూపులో ఇప్పుడు బదులిస్తున్నది 22 మంది. అందులో 13 మంది తెలుగువాళ్లు, మిగతావాళ్లు కన్నడిగులు, తమిళులు. ఒక్కొక్కరు వారానికి రెండు గంటలు ఇవ్వగలరు. చేతిలో డబ్బేమీ లేదు.

నాలుగు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ప్రతి ఆదివారం వీధులు శుభ్రం చేద్దామని కొందరు, సంఘం రిజిస్టరు చేయిద్దామని కొందరు. ఓటరు జాబితాలో పేర్లు గల్లంతయ్యాయి, ముందు దాని సంగతి తేల్చాలని ఇద్దరు పట్టుబడుతున్నారు. వానొస్తే నీళ్లు నిలిచే వీధులవాళ్లు కాలువల సంగతి చూడమంటున్నారు. నాలుగూ నెత్తికెత్తుకుంటే ఒక్కటీ తెమలదని తెలుసు. ఈ పనుల్లో చేయి తిరిగినవాళ్లు ఏది ముందో, ఎలా చేయాలో, ఎక్కడ దెబ్బతింటుందో చెప్పండి. గెలిచినవారి ఆఫీసు గడప తొక్కాలా వద్దా అని మాలో మాకే పేచీ ఉంది. దాని గురించి కూడా.

ఫారం_ఇరవై:

పేచీ సంగతి తర్వాత. ముందు పాత లెక్కలు మూసేయండి, వాటికి గడువులున్నాయి.

ఏ ఎన్నికో మీరు చెప్పలేదు. అసెంబ్లీ, లోక్‌సభ అయితే అభ్యర్థి ఖర్చుల ఖాతా ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ఓడినవారికీ ఇదే నియమం. ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు పోటీకి అనర్హత వేయవచ్చు. చిన్న అభ్యర్థుల ఖాతాల్లో తప్పిపోయేవి ఎప్పుడూ చిల్లర ఖర్చులే: ఆటోకు కట్టిన మైకు అద్దె, కార్యకర్తల టీ, ఎవరో సొంత డబ్బుతో కొట్టించిన కరపత్రాలు. ఆ రసీదులు మీ 22 మంది జేబుల్లోనే ఉంటాయి, ఈ వారమే వసూలు చేసి అప్పగించండి. ఫలితాన్ని హైకోర్టులో సవాలు చేయడానికి 45 రోజులు. ఆ ఉద్దేశం లేకపోతే ఓటింగ్ యంత్రాల మీద వాదన గ్రూపులో ఆపేయండి. ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చయిపోతుంది.

మీరు అంటించిన పోస్టర్లు, కట్టిన ఫ్లెక్సీలు మీ చేతులతోనే తీయండి. బహిరంగ ప్రదేశాలను ఇలా పాడుచేయడాన్ని నిషేధించే చట్టం కర్ణాటకలో 1981 నుంచి ఉంది. చట్టం మాట అటుంచినా, ఓడిపోయాక నిచ్చెన వేసుకుని గోడలు శుభ్రం చేసే గుంపును వీధి గుర్తుపెట్టుకుంటుంది. ఫ్లెక్సీని పొడిచెత్త బండిలో వేయకండి, అది కాగితంలా, పాల కవర్లలా రీసైకిల్ అవదు. బొమ్మ ఉన్న వైపు లోపలికి మడిచి పైన కప్పే పరదాగా ఎవరికైనా ఇచ్చేయండి. ప్రచారంలో పోగేసిన ఫోన్ నంబర్లు ఆ ప్రచారం కోసం ఇచ్చినవి. కొత్త పనికి వాడాలంటే ఒక్కొక్కరినీ మళ్లీ అడగాలి. అడగకుండా కొత్త గ్రూపులో చేరిస్తే సగం మంది మొదటి రోజే వెళ్లిపోతారు, మిగతా సగం నోటిఫికేషన్లు ఆపేస్తారు.

ఇక అసలు విషయం. ఫలితం వచ్చాక రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 పెడతారు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లో అందులో ఉంటుంది. పోస్టల్ ఓట్లు మాత్రం బూత్ వారీగా ఉండవు, చివర్లో మొత్తంగా కలుపుతారు. మీ ప్రాంతపు బూత్‌లన్నిటికీ ఒక పట్టిక వేయండి: జాబితాలో పేర్లు, పోలైన ఓట్లు, మీకు వచ్చినవి, గెలిచినవారికి వచ్చినవి, నోటా. పాత ఎన్నికతో పోల్చేటప్పుడు బూత్ నంబరును నమ్మకండి. బూత్‌లను విడదీసి కలిపినప్పుడల్లా నంబర్లు జరిగిపోతాయి. ఓటరు జాబితా మొదటి పేజీలో ఆ భాగం (అంటే ఒక బూత్ జాబితా) కిందికి వచ్చే వీధుల పేర్లు ఉంటాయి, వాటిని బట్టి పోల్చండి.

పట్టిక చూశాక చాలామంది చేసే తప్పు ఒకటుంది. 1,100 పేర్లున్న బూత్‌లో 495 ఓట్లు పడితే 45 శాతమే అని జనాన్ని తిడతారు. ఆ 1,100లో 300 మంది ఇల్లు మారినవాళ్లో చనిపోయినవాళ్లో అయితే ఉన్నది 800 మంది, పోలింగ్ 62 శాతం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బెంగళూరు సీట్లలో పోలింగ్ సుమారు 54 శాతమని అందరూ చీదరించుకున్నారు. అందులో బద్ధకం ఎంత, పాడైన జాబితా ఎంత అన్నది ఇల్లిల్లూ తిరిగితే తప్ప తేలదు. అందుకే నా ఓటు జాబితా పనికే. రెండు బూత్‌లు చాలు. మీ 22 మందిలో ఎక్కువమంది ఎక్కడ ఉంటారో ఆ రెండే ఎంచుకోండి. ఓట్లు ఎక్కడ ఎక్కువ పడ్డాయో చూసి ఎంచుకుంటే మళ్లీ ప్రచారం చేస్తున్నారనే అనుకుంటారు.

బూత్_గడప:

పై లెక్కకు తరువాయి నేను రాస్తాను. ఈ పనికి మంచి కాలం ఎన్నికలు లేనప్పుడే. నామినేషన్ల చివరి గడువు దాటితే ఆ ఎన్నికకు జాబితాలో పేరు చేర్చడం కుదరదు, దానికి ముందు రోజుల్లో అధికారులకు ఊపిరాడదు.

మీ రెండు భాగాల జాబితాలు దించుకుని అచ్చు వేయించండి. పేజీకి 30 పేర్లు, 1,100 పేర్లకు దాదాపు 40 పేజీలు. ఆ పీడీఎఫ్ బొమ్మలా ఉంటుంది కాబట్టి ఫోన్‌లో పేరు కొట్టి వెతికితే దొరకదు, కాగితమే దిక్కు. ఇద్దరిద్దరు వెళ్లాలి. ప్రతి జంటలో ఒక మహిళ, ఒకరు కన్నడం ధారాళంగా మాట్లాడేవారు ఉండాలి. పని దినాల్లో సాయంత్రం వెళ్తే తలుపులు తీయరు. ఆదివారం పది నుంచి ఒంటిగంట లోపు మేలు. రెండు గంటల్లో ఒక జంట 25, 30 తలుపులు తట్టగలదు, అందులో దాదాపు సగం తాళాలే. 400 ఇళ్లకు మొదటి చుట్టు 14, 15 జంట-పూటలు, తాళాలున్న ఇళ్లకు రెండో చుట్టు ఇంకో ఏడెనిమిది. ఆరు జంటలుంటే నాలుగు ఆదివారాల్లో ఒక బూత్ అయిపోతుంది. అపార్టుమెంట్లలో తలుపులు తట్టకండి. అసోసియేషన్ కార్యదర్శికి వారం ముందు చెప్పి, లిఫ్ట్ దగ్గర ఒక బల్ల వేసుకుని మూడు గంటలు కూర్చోండి.

కాగితం మీద ప్రతి పేరు పక్కన ఒక్క అక్షరం చాలు. ఉన్నారు అంటే ఉ, మారిపోయారు అంటే మా, చనిపోయారు అంటే చ, రెండుసార్లు ఉంటే రె. జాబితాలో లేనివారిని విడి కాగితం మీద రాయండి. అంతకు మించి ఏమీ సేకరించవద్దు. ఆధార్ కార్డు ఫొటో మీ ఫోన్‌లోకి రానే రాకూడదు. ఎవరికి ఓటేశారని అడగకూడదు. మీ అభ్యర్థి పేరున్న టోపీ, బ్యాడ్జీ ఇంట్లో పెట్టి రండి.

ఫారాలు మూడే. కొత్తగా చేరడానికి 6, తొలగింపుకు లేదా అభ్యంతరానికి 7, చిరునామా మార్పుకైనా పేరు సవరణకైనా 8. పద్దెనిమిది నిండినట్లు లెక్కించే తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టవచ్చు, కాబట్టి దగ్గర్లోని పీయూ (ఇంటర్) కాలేజీకి ఒక రోజు కేటాయించండి.

గట్టిగా చెప్పాల్సింది ఫారం 7 గురించి. మీ చేతిలో 300 "మా" గుర్తులు ఉన్నాయని 300 ఫారాలు ఒకరే నింపి పట్టుకెళ్లకండి. వ్యక్తులో సంఘాలో మూటగా తెచ్చే దరఖాస్తులు తీసుకోరు. పార్టీలు నియమించిన బూత్ ఏజెంట్లకు కూడా మామూలు రోజుల్లో రోజుకు 10 అనే పరిమితి ఉంది. పైగా ఫారం 7 వేసేవారు అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి, కింద తప్పు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. తాళం చూసి "మారిపోయారు" అని రాస్తే, ఆ మనిషి ప్రసవానికి పుట్టింటికి వెళ్లి ఉండవచ్చు, దుబాయ్‌లో ఆరు నెలల పనికి పోయి ఉండవచ్చు. ఒకరి ఓటు మీ చేతుల మీదుగా పోతే మీ గుంపు అక్కడితో సరి. కుటుంబ సభ్యుడు చనిపోయిన ఇంటివాళ్ల చేతే ఫారం వేయించండి. మిగతా "మా" పేర్లను వరస నంబర్ల క్రమంలో ఒక కాగితం మీద బూత్ స్థాయి అధికారికి, అంటే బీఎల్‌ఓకు ఇచ్చి ఊరుకోండి. విచారించి నిర్ణయించడం ఆ యంత్రాంగం పని.

బీఎల్‌ఓ చాలాచోట్ల టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో అయి ఉంటారు. వాళ్ల అసలు ఉద్యోగం వాళ్లకుంది. ఫోన్ చేసి, వాళ్లకు వీలైన పూట అడిగి వెళ్లండి. జాబితా క్రమంలో శుభ్రంగా రాసిచ్చిన కాగితం వాళ్లకు ఎంతో పని తప్పిస్తుంది. ఆ తర్వాత వాళ్లే మీకు ఫోన్ చేస్తారు.

దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, విచారణకు వచ్చిన రోజు ఇంటికి తాళం. రెండు, వలంటీరు తన ఫోన్ నంబరుతో పది కుటుంబాల ఫారాలు నింపడం. సందేశాలన్నీ వలంటీరుకు వస్తాయి, దరఖాస్తుదారుకు ఏమీ తెలియదు. ఎవరి ఫారానికి వాళ్ల నంబరే ఇవ్వాలి. మూడోది ప్రత్యేకంగా తెలుగువాళ్లది: ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు. ఆధార్‌లో ఒక వరస, బ్యాంకు పుస్తకంలో ఒక వరస, జాబితాలో కన్నడ లిపిలో ఇంకో వరస. ఫారం నింపేముందు ఏ పత్రం జతచేస్తారో అందులో ఉన్న వరసనే రాయండి. ఇంటి నంబరు కూడా అంతే. ఒకే ఇంటికి సైటు నంబరు, ఆస్తి ఖాతా నంబరు, పాత డోర్ నంబరు ఉంటాయి. జాబితాలో పక్కింటికి ఏ రకం నంబరు పడిందో చూసి అదే రకం ఇవ్వండి.

వచ్చిన దరఖాస్తుల జాబితాలు కూడా బయట పెడతారు. చేర్పులవి ఫారం 9, తొలగింపులవి ఫారం 10. వారానికోసారి ఒక మనిషి ఫారం 10లో మీ భాగం నంబర్లు చూస్తే చాలు, బతికున్న ఓటరు పేరు తీసేయమని ఎవరైనా అడిగితే అప్పుడే తెలిసిపోతుంది. ఇరవై నిమిషాల పని. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే.

హొరమావు_రైల్వేగేటు:

గడప గారూ, చాలా ఉపయోగపడింది. ఒక ఇబ్బంది. మా తెలుగువాళ్లలో ఏడుగురికి ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. 2024లో ఇక్కడ పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రా, తెలంగాణల్లో మే 13న. చాలామంది బస్సెక్కి వెళ్లి వేసొచ్చారు. ఇక్కడికి మార్చుకోవాలా? అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఏ పత్రాలు చెల్లుతాయి?

బూత్_గడప:

మార్చుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టంలా కనిపిస్తుంది గానీ, చట్టం అడిగేది మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారని. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. రెండుచోట్ల ఉండటం మాత్రం ఏ లెక్కనా కుదరదు. ఇక్కడ కావాలంటే ఫారం 8తో చిరునామా మార్చుకోవాలి. పాతది దాచి ఫారం 6 వేస్తే, ఇంకెక్కడా పేరు లేదని సంతకం పెట్టినట్టే, అది తప్పుడు ప్రకటన.

అద్దె విషయంలో చాలామంది పొరబడతారు. చెల్లే పత్రాల జాబితాలో ఉన్నది రిజిస్టరైన అద్దె ఒప్పందం. బెంగళూరులో అందరి దగ్గరా ఉండేది స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం, దాన్ని మామూలుగా రిజిస్టరు చేయించరు. ఆ చిరునామాతో ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్ పుస్తకం, పాస్‌పోర్టు వీటిలో ఏదైనా సరిపోతుంది. కరెంటు, నీళ్లు, గ్యాస్ బిల్లు కూడా చెల్లుతుంది గానీ ఆ చిరునామాలో కనీసం ఏడాదిగా ఉన్నది కావాలి. ఏదీ లేకపోయినా దరఖాస్తు పెట్టవచ్చు, అప్పుడు అధికారి ఇంటికొచ్చి చూడటం తప్పనిసరి. పీజీ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఈ దారే మిగులుతుంది.

ఊళ్లో ఓటు ఉంచుకున్న ఏడుగురూ ఇళ్ల చుట్టూ తిరగవచ్చు, సమాచార హక్కు దరఖాస్తులు వేయవచ్చు. ఫారం 7 మీద మాత్రం వాళ్ల సంతకం పనికిరాదు.

కాలువ_కొలత:

జాబితా పని మంచిదే, కాదనను. కానీ ఒక తలుపు తట్టి "మీ పేరు ఉందా" అని అడిగేవాడికన్నా "మీ వీధిలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి" అని అడిగేవాడితో జనం ఎక్కువసేపు మాట్లాడతారు. మీ పక్క సాయి లేఅవుట్ 2025 మే వానలకు ఎలా మునిగిందో అందరూ చూశారు. అక్కడ రైలు కట్ట కింద నీళ్లు దాటే దారి ఇరుకు కావడం గురించి ఎంత చర్చ జరిగిందో తెలుసు. కాబట్టి రెండు పనులూ ఒకే చుట్టులో చేయండి. అదే కాగితం వెనక వైపు కాలువ గురించి మూడు ప్రశ్నలు.

ముందు ఏ కాలువ ఎవరిదో తేల్చుకోండి. ఇళ్ల ముందు చిన్న కాలువ (చరండి) వార్డు ఇంజినీరు కిందికి వస్తుంది. పెద్ద వాననీటి కాలువ (రాజకాలువె) వేరే విభాగం. మురుగు పైపులు, మ్యాన్‌హోళ్లు నగర నీటి సరఫరా సంస్థ జలమండలివి, ఫిర్యాదు నంబరు 1916. రైలు కట్ట కింది తూము రైల్వేది. ఒకే అర్జీలో నలుగురి పనీ రాస్తే నలుగురూ "మాది కాదు" అని పక్కవారికి పంపుతారు.

వానలకు ముందు పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, మొదటి గట్టి వాన పడిన గంటలో ఒకసారి నడవండి. 30 మీటర్ల టేపు, ఒక ఇనప చువ్వ, సుద్దముక్క, ఫోన్ చాలు. ప్రతి 50 అడుగులకు ఒక చోట కాలువ వెడల్పు, పైనుంచి అడుగు దాకా లోతు, పూడిక ఎంత మందమో రాసుకోవాలి. కన్నడంలో పూడికను హూళు అంటారు, అర్జీలో ఆ మాటే వాడండి. ఫొటోలో ఎదురుగా ఉన్న ఇంటి నంబరో కరెంటు స్తంభం నంబరో కనబడాలి. ఎవరూ కాలువలోకి దిగకూడదు. వాననీటి కాలువల్లో మురుగు కలిసి ఉంటుంది, విషవాయువు ఉంటుంది. గట్టు మీద నుంచే కొలవాలి.

ఈ కొలతలు ఎందుకంటే లెక్క కోసం. మూడడుగుల వెడల్పు కాలువలో 200 అడుగుల పొడవునా అడుగు మందం పూడిక ఉంటే 600 ఘనపుటడుగులు. చిన్న టిప్పరుకు 150 నుంచి 200 ఘనపుటడుగులు పడుతుంది, అంటే మూడు, నాలుగు లోడ్లు. పూడిక తీశాక బిల్లులో 12 లోడ్లు కనిపిస్తే అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఇంకో మాట: తీసిన పూడికను కాలువ గట్టునే పోసి ఎండాక ఎత్తుతామంటారు. ఎత్తేలోపు వాన వస్తే మొత్తం తిరిగి కాలువలోకే. పూడిక తీసిన రోజు ఫొటో, 48 గంటల తర్వాత ఫొటో రెండూ తీయండి. పూడికతీత పనులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

సమాచార హక్కు దరఖాస్తుకు కర్ణాటకలో ఒక మెలిక ఉంది: ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. రుసుము 10 రూపాయలు. "మా వార్డు కాలువల వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఒక వీధి, ఒక ఆర్థిక సంవత్సరం ఎంచుకుని నాలుగు ప్రతులు అడగండి: మంజూరైన అంచనా, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకంలో ఆ పని పేజీలు, చెల్లింపు బిల్లు. కొలతల పుస్తకమే ప్రాణం. ఏ తేదీన ఎంత పొడవు, వెడల్పు, లోతు కొలిచారో అందులోనే ఉంటుంది. పనికి జాబ్ నంబరు తెలిస్తే తప్పకుండా రాయండి.

వార్డు నంబర్ల దగ్గర జాగ్రత్త. పాత నగర పాలక సంస్థ బీబీఎంపీలో 198 వార్డులు. 2020 సెప్టెంబరులో ఆ పాలకమండలి గడువు ముగిసింది. 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, వాటన్నిటికీ కలిపి 369 వార్డులు గీశారు. 2019లో జరిగిన పనికి కొత్త వార్డు నంబరు రాస్తే "అలాంటి పని లేదు" అని నిజాయితీగానే జవాబొస్తుంది. పాత పనికి పాత నంబరు, వీధి పేరు రెండూ రాయండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. దరఖాస్తులన్నీ ఒక్క మనిషి పేరుతో వేయకండి. కాంట్రాక్టరు మనుషుల నుంచి ఒత్తిడి వస్తే ఒక్కడి మీదే పడుతుంది. ముగ్గురు నలుగురు పంచుకోండి.

తడి_పొడి:

శుభ్రం చేసే పనిని ఇక్కడెవరూ పట్టించుకోలేదు, అందుకే రాస్తున్నా. ప్రతి ఆదివారం వీధి ఊడవడం దండగే, ఒప్పుకుంటా. ఒక్క చెత్తకుప్పను శాశ్వతంగా ఎత్తేయడం వేరు. ఆరు వారాల్లో కళ్లకు కనబడేది ఇదొక్కటే. ఓడి నీరసపడిన మనుషులకు కళ్ల ముందు ఏదో ఒకటి మారడం అవసరం.

మొదటి వారం చీపురు పట్టకండి, చూడండి. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. ఎవరు వేస్తున్నారు, సంచిలో ఏముంది? తరచు తేలేది ఇదే: చెత్త ఆటో ఏడింటికి వస్తుంది, కుప్పలో వేసేది ఆ వేళకు పనికి వెళ్లిపోయేవాళ్లు, పీజీ కుర్రాళ్లు, సందులో ఇళ్లున్నవాళ్లు, పక్క టీ కొట్టు. వాళ్లకు ఆటో అందే ఏర్పాటు చేయకుండా కుప్ప ఎత్తితే మూడో రోజుకు మళ్లీ కుప్ప. పీజీ యజమానితో, ఆటో డ్రైవరుతో, పౌరకార్మికుల (పారిశుధ్య సిబ్బంది) మేస్త్రితో మాట్లాడి వేళ కుదర్చడమే అసలు పని.

ఎత్తే రోజుకు 15 మందికి నాలుగు పారలు, రెండు గునపాలు, ఎనిమిది తట్టలు, అందరికీ మందపాటి రబ్బరు గ్లవ్స్, మూసిన బూట్లు. బండి వస్తుందని ముందు రోజు మళ్లీ ఖాయం చేసుకోండి. బండి రాకపోతే మీరు పోగేసిన గుట్ట సోమవారం దాకా రోడ్డు మీదే ఉంటుంది, అదే కొత్త కుప్ప. నేల చదును చేసి, సున్నం చల్లి, గోడకు కింద మూడడుగులు ఎర్రమట్టి రంగు వేసి వదలండి. మరకలు కనబడవు. తర్వాత 21 రోజులు ఉదయం ఒకరు, రాత్రి ఒకరు అక్కడ నిలబడాలి. తిట్టకూడదు, ఫొటో తీయకూడదు, ఆటో వేళ చెప్పాలి. వేరుచేయడం కూడా అప్పుడే చెప్పండి: తడిచెత్త ఒక బుట్ట, డైపర్లు, ప్యాడ్లు ఇంకో బుట్ట, పొడిచెత్త సంచి. హైకోర్టు 2015లో ఈ పద్ధతినే నగరానికి తప్పనిసరి చేసింది.

తిరువాన్మియూరు_తెలుగు:

చెన్నై నుంచి ఒక మాట. ఇక్కడ 200 వార్డులు, 2022 ఫిబ్రవరి కార్పొరేషన్ ఎన్నికల్లో పోలింగ్ 44 శాతం కూడా దాటలేదు. అదే ఏడాది నవంబరు 1న వార్డుల్లో జనం సమస్యలు చెప్పుకునే ఏరియా సభలు మొదలుపెట్టారు. సభకు వెళ్లేటప్పుడు నలుగురు నాలుగు విషయాలు మాట్లాడితే ఒక్కటీ నమోదు కాదు. ఒక విషయం, ఒక పేజీ, ముగ్గురు వేర్వేరు వీధులవాళ్లు అదే విషయం మీద లేవాలి, తీర్మానంగా రాసేదాకా కూర్చోవాలి. మీ దగ్గర వార్డు సమావేశాలకూ ఇదే పనిచేస్తుంది.

వరద వచ్చే వీధులైతే ఇంకోటి చేసిపెట్టుకోండి. ఇల్లిల్లూ తిరిగినప్పుడే, వాళ్లు ఒప్పుకుంటే, మంచాన ఉన్న పెద్దలు, డయాలసిస్ వాళ్లు, నెలలు నిండినవాళ్లు కింది అంతస్తులో ఎక్కడున్నారో కాగితం మీద రాసుకోండి. 2015 డిసెంబరులో ఇక్కడ ఫోన్లు పనిచేయలేదు. ఫోన్‌లో ఉన్న జాబితా ఎవరికీ అక్కరకు రాలేదు.

రెండు_గంటలు:

పేచీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. గెలిచినవారి ఆఫీసుకు వెళ్లండి, నలుగురే వెళ్లండి. అందులో ఇద్దరు వాళ్లకు ఓటేసినవాళ్లయితే ఇంకా మంచిది. వినతి పత్రం కన్నడంలో, ఒకే పేజీ, ఒకే పని. రెండో ప్రతి మీద స్వీకృతి ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. కర్ణాటకలో ఎమ్మెల్యేకు స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి 2 కోట్లు, ఎంపీకి 5 కోట్లు. ఇది పన్నుల సొమ్ము, ఓడినవాళ్లది కూడా. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. వెళ్లే ముందు ఇంజినీరును కలిసి ఆ పనికి అంచనా వేయించగలిగితే చాలా దూరం వెళ్తుంది. అంచనా లేని అర్జీ సొరుగులోకి పోతుంది.

ఎన్నికల మధ్య కాలంలో ఏమీ కదలదనుకునేవాళ్లకు స్టీల్ ఫ్లైఓవర్ గుర్తుచేయండి. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్లు, 1,791 కోట్లు. 2016 అక్టోబరు 16న జనం చేయీచేయీ కలిపి నిలబడ్డారు. హరిత ట్రైబ్యునల్‌లో కేసు నడిచింది. 2017 మార్చిలో ప్రభుత్వమే రద్దు చేసింది. అయితే ఇప్పుడు రోడ్డు పక్కన అలా నిలబడకండి. 2021 ఉత్తర్వు తర్వాత బెంగళూరులో నిరసనలకు ఫ్రీడం పార్కు ఒక్కటే చోటు, అదీ అనుమతితో. మిగతా చోట్ల నిలబడితే కేసు పడుతుంది, ఉద్యోగాలున్న కుర్రాళ్లు పాస్‌పోర్టు విచారణలో ఇబ్బంది పడతారు.

రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు చాలు, కష్టమేం కాదు. కష్టం తర్వాతే: ఏటా లెక్కలు, ఆడిట్, కార్యవర్గ జాబితా దాఖలు. దానికి తోడు అధ్యక్షుడెవరన్న తగువు. ఆరు నెలలు ఆ జోలికి పోకండి. డబ్బు కూడా వసూలు చేయకండి. అచ్చు ఖర్చు ఎవరికి వారు పెట్టుకుని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

22 మందిని ఇలా పంచండి: జాబితాకు 12, కాలువకు 4, కుప్పకు 4, అర్జీలు, నోటు పుస్తకం చూడటానికి 2. ప్రతి పనికీ ఇద్దరు బాధ్యులు, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు. రెండు వారాలకోసారి గంట సమావేశం. మూడు విషయాలు, ఎవరు ఏ తేదీకి ఏం చేస్తారో అరపేజీ, అదే రాత్రి గ్రూపులో. పార్టీల ఫార్వర్డులు, సినిమా గొడవలు రెండూ నిషేధం. సమావేశం కన్నడంలో నడపండి. 13 మంది తెలుగులో మొదలుపెడితే మిగతా తొమ్మిది మంది రెండో సమావేశానికి రారు, వీధిలో మీకు "తెలుగువాళ్ల గుంపు" అని పేరొస్తుంది, ఆ పేరుతో ఏ ఆఫీసులోనూ పని జరగదు. కన్నడ లిపి మనకు వారంలో పట్టుబడుతుంది. తప్పులున్నా చదవడం మొదలుపెట్టండి.

హొరమావు_రైల్వేగేటు:

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం ఒక్క భాగంతో మొదలుపెడుతున్నాం, కాగితం వెనక కాలువ ప్రశ్నలతో. కొలత గారూ, ఇనప చువ్వ ఎలాంటిది కావాలి? ఏ ప్రశ్నలు అడగాలి?

కాలువ_కొలత:

10 మిల్లీమీటర్ల చువ్వ, ఐదడుగులు. అర అడుగుకొక చోట రంగు గీత వేయండి. మొన చెక్కించకండి. కాలువ అడుగు సిమెంటుదైతే టంగుమని తగిలి ఆగుతుంది, మట్టి అడుగైతే మొన ఉన్న చువ్వ దిగిపోతూనే ఉంటుంది, పూడిక ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మట్టి కాలువల్లో పక్కనే సిమెంటు ఉన్న చోట, కల్వర్టు దగ్గర కొలవండి.

ప్రశ్నలు: గట్టి వాన పడితే నీళ్లు గడప నుంచి ఎంత ఎత్తు వస్తాయి (మోకాలా, చీలమండా), ఎన్ని గంటలు ఉంటాయి, చివరిసారి కాలువ ఎప్పుడు తీశారు. మూడోదానికి నెల చెప్పలేకపోతే ఏ పండక్కి ముందో అడగండి. ఉగాది, వినాయక చవితి అని చెబుతారు, తేదీ దొరికినట్టే.